బోణీ కాగితంలో చివరి పుట

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, గోడవైపు ఒరిగి కూర్చుంటే ఏం కాదు. నేను చెప్పబోయేది ఒక మనిషి మీద నేను పెంచుకున్న కక్ష గురించి. కక్ష మంచిది కాదని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు, వాళ్ల దగ్గరికి తర్వాత వెళ్లండి. ముందు నాది వినండి.

నేను చదివింది ఆరో తరగతి. మా నాన్నకు సంగారెడ్డి బజారులో పప్పుదినుసుల దుకాణం ఉండేది. ఏ ఊరి రైతు ఏ రోజు ఏ చొక్కాతో వచ్చాడో, కూర్చుని ఏం మాట్లాడి వెళ్లాడో నన్నడిగితే చెప్పేదాన్ని. రాయడం తక్కువ, గుర్తుండటం ఎక్కువ. పెళ్లయ్యాక గడ్డపోతారం దారిలో కాపురం. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో పనిచేసి దగ్గు తెచ్చుకున్నాడు. డాక్టరు ఇక ఆ గాలి వద్దన్నాక ఫ్యాక్టరీల రోడ్డు మీదే ఒక మడిగ కిరాయికి తీసుకుని జిరాక్సు, ప్రింట్లు, ఆన్‌లైన్ ఫారాల దుకాణం పెట్టుకున్నాం. నాలుగు నెలలకు ఆయన వెనక కూర్చున్నాడు, నేను ముందు కూర్చున్నాను.

మావి మూడు పాత కంప్యూటర్లు. తెరిస్తే నత్తలా నడిచేవి. హత్నూర నుంచి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా చేసే ఒక అమ్మాయి మా దగ్గర కాగితాలు ప్రింటు తీసుకునేది. ఆ పిల్లే ఒక సెలవు రోజు వచ్చి, మూడింటిలోనూ పాతది తుడిచేసి ఒక కొత్త డెస్క్‌టాప్ ఎక్కించింది. డెస్క్‌టాప్ అంటే కంప్యూటరు తెరవగానే కళ్ల ముందు కనబడేదంతా: కింద పట్టీ, మూలన గడియారం, ఫైళ్లు దాచుకునే అరలు, ప్రింటు నొక్కితే వచ్చే చిన్న కిటికీ. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. దేశదేశాలవాళ్లు తీరిక దొరికినప్పుడు తలా ఒక ముక్క తయారుచేసి ఒకచోట చేరుస్తారు. లోపల ఎలా కుట్టారో ఎవరైనా విప్పి చూడవచ్చు. ఒక్కో ముక్కకు ఒక్కో మెయింటెయినరు ఉంటాడు. ఆ ముక్కలో ఏది మారాలన్నా ఆయన ఒప్పుకోవాలి.

మా అదృష్టమో దురదృష్టమో, ప్రింటు కిటికీకి మెయింటెయినరు పటాన్‌చెరులోనే ఉన్నాడు. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి సర్కారు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. ఈయన హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేస్తాడు. అందరూ సారు అనేవాళ్లు, నేనూ అన్నాను.

ఇక నా పద్ధతి ఒకటి చెప్పాలి. అది మా పుట్టింటి నుంచి వచ్చింది. పొద్దున మొదటి గిరాకీ సరుకు అడిగాక, చేతికిచ్చే ముందు, మా నాన్న ఊదుబత్తి వెలిగించి తక్కెడ చుట్టూ తిప్పేవాడు. నేను ప్రింటరుకు తిప్పుతాను. బోణీ గిరాకీ పెన్‌డ్రైవ్ ఇస్తాడు. ఫైలు తెరుస్తాను, ప్రింటు కిటికీ తెరుస్తాను, ఎన్ని కాపీలో అడిగి అంకె వేస్తాను. అప్పుడు లేచి ఊదుబత్తి వెలిగించి, కంప్యూటర్లకు, ప్రింటరుకు తిప్పి, దేవుడి పటం ముందు గుచ్చి, వచ్చి కూర్చుని నొక్కుతాను. పొద్దున్నే వచ్చేవాడికి తొందర ఉంటుంది, అయినా ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. అందరి ఇళ్లలోనూ అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది కదా.

కొత్త డెస్క్‌టాప్ ఎక్కించిన మర్నాడే ఒక ఒడిశా కుర్రాడు బోణీకి వచ్చాడు. కొత్త ఫ్యాక్టరీలో ఆపరేటరు పని, పాత ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన అనుభవం కాగితం నాలుగు పుటలు. తీసిచ్చాను, మడిచి జేబులో పెట్టుకుని పరిగెత్తాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చి కాగితాలు నా బల్ల మీద పడేశాడు.

“లాస్ట్ పేజీ కిదర్ హై మేడమ్? ముద్ర, సంతకం అన్నీ ఆ పేజీ మీదనే. గేటు కాడ సెక్యూరిటీ వాపస్ పంపిండు. నా జాగల ఇంకొకన్ని తీసుకున్నరు.”

నేను లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి. మళ్లీ నొక్కితే నాలుగూ వచ్చాయి. ఆ నాలుగో పుట అతని చేతికిచ్చాను. అతను దాన్ని చూసి, నన్ను చూసి, అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. షట్టరు సగం దించి ఏడ్చాను.

మర్నాటి నుంచి ప్రతి కాగితం లెక్కపెట్టి ఇచ్చాను. తొమ్మిది రోజులు చూశాను. బోణీ కాగితానికే చివరి పుట రావడం లేదు. తర్వాత రోజంతా ఒక్కటీ పోదు. కెమిస్టు పిల్లకు చెబితే కళ్లు పెద్దవి చేసింది.

“ఈ డెస్క్‌టాప్ చేసేటోళ్లకు రిపోర్టు రాయి అక్కా. ఊకనే కరాబైందంటే ఎవలు పట్టించుకోరు. నువ్వు ఏమేం చేసినవో మొదటి నుంచి వరుసగా రాయాలె. గట్లనే ఇంకొకలు చేస్తే వాళ్లకు గూడ పుట పోవాలె.”

“గంతేనా? ఏం చేసిన్నో చెప్పుడేనా?”

“గంతే.”

“గది నాకు పుట్టినప్పటి సంది వచ్చు బిడ్డా.”

కూర్చుని తెలుగులో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. షట్టరు ఎత్తడం దగ్గర నుంచి పదిహేడు మెట్లు అయ్యాయి. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఆ పిల్ల పన్నెండో మెట్టు దగ్గర ఆగింది.

“అక్కా, ఊదుబత్తి గూడ రాయాల్నా?”

“చేసిన గద. చేసింది రాయమంటివి గద.”

రాసి పంపింది. రెండు రోజులకు సారు జవాబు పెట్టాడు. ప్రపంచమంతా చదివేచోట, నా రిపోర్టు కింద, ఆయన పేరుతో: “ఈవిడకు కంప్యూటరు వాడటం రాదు. అగరుబత్తి మానేస్తే సరిపోతుంది.” రిపోర్టు మూసేశాడు. మూసి తాళం కూడా వేశాడు. తాళం వేస్తే దాని కింద ఇంకెవరూ ఒక్క ముక్క రాయలేరు.

మళ్లీ చెబుతున్నాను, అతను ఒకసారైనా నేను రాసినట్టు చేసి చూడలేదు. చేసి చూసి కాదంటే నాకు ఈ కథే లేదు.

నెలకొక ఆదివారం పటాన్‌చెరులో ఒక ట్యూషన్ సెంటరు మీది గదిలో ఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లు, చేసేవాళ్లు కలుస్తారు. కెమిస్టు పిల్ల నన్ను తీసుకెళ్లింది. సారు నా రిపోర్టును గోడ మీద పెద్దగా వేశాడు. పన్నెండో మెట్టును కర్రతో చూపించాడు.

“చూశారా అండీ, మన ప్రాజెక్టు ఎంత ఎదిగిందో! ఇప్పుడు పూజారులు కూడా టెస్టింగ్ చేస్తున్నారు. అమ్మా, కొబ్బరికాయ ఏ మెట్టులో కొడతారండీ? తరువాతి వెర్షన్‌లో దానికో బటన్ పెట్టేస్తాను.”

నవ్వారు. కిటికీ పక్కన ఎర్ర టీషర్టు నవ్వింది. తలుపు దగ్గర కళ్లజోడాయన నవ్వి, నన్ను చూసి నోరు మూసుకున్నాడు. మూడో వరుసలో ఒకామె నవ్వలేదు, ఫోను చూసుకుంటోంది. ఎవరెక్కడ కూర్చున్నారో ఇప్పటికీ గదిలో చాప పరిచినట్టు చెబుతాను. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఏడుపొచ్చేది. నా నోటితో నేను నవ్వడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

ఆ వారమే కెమిస్టు పిల్ల పొద్దున షిఫ్టుకు ముందు దుకాణానికి వచ్చింది. ఆ పిల్లదే బోణీ. నేను ఆమె ఫైలు తెరిచి, ప్రింటు కిటికీ తెరిచి, ఊదుబత్తి కోసం లేచాను.

“ఆగక్కా. ఇయ్యాల అది ముట్టియ్యకు. గట్లనే కూసో.”

“బోణీ పాడైతది బిడ్డా.”

“అయితే అయింది. జెర కూసో.”

కూర్చున్నాను. ఆ పిల్ల గడియారం చూసుకుంది. మూడు నిమిషాలయ్యాక నొక్కమంది. ఊదుబత్తి లేకుండానే చివరి పుట పోయింది. మళ్లీ ఫైలు తెరిచి వెంటనే నొక్కాం, అన్నీ వచ్చాయి. మళ్లీ ఆగి నొక్కాం, పోయింది. ఆ పిల్ల నా భుజం మీద చరిచింది.

“మా రియాక్టరు కాడ గూడ గిదే అక్కా. ఏం పోసినమన్నది ఒక్కటే గాదు, ఎంతసేపు ఉంచినమన్నది గూడ రాసుకోవాలె. నువ్వు ఊదుబత్తి తిప్పేటంతసేపు ప్రింటరు నిద్రపోతున్నది. అది లేచేసరికి కిటికీ పుటల లెక్క ఒకటి తప్పుతున్నది. పగలంతా నువ్వు జల్దీ జల్దీ కొడతవు గద, అందుకే పోతలేదు.”

నేను రాసిన పదిహేడింటిలో పన్నెండోదే అసలు మెట్టు. దాన్నే కర్రతో చూపించి నవ్వాడు.

రిపోర్టుకు తాళం ఉంది కాబట్టి ఆ పిల్ల సారుకు ఫోను చేసి మొత్తం చెప్పింది. “సరేనమ్మా, చూస్తాలే” అన్నాడట. పది రోజులకు కొత్త రిపోర్టు ఒకటి కనబడింది. రాసింది సారే. “ప్రింటు కిటికీని కాసేపు వదిలేస్తే చివరి పుట పోతోంది, నా పరీక్షలో కనుగొన్నాను” అని. కిందే దాన్ని బాగుచేసినట్టూ ఆయనే. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మెచ్చుకోలు పట్టికలో ఆయన పేరు. నాది మూసినది మూసినట్టే ఉంది, నాకు కంప్యూటరు రాదన్న మాటతో సహా.

కెమిస్టు పిల్ల తెర నా వైపు తిప్పి చూపించింది. నేను రెండుసార్లు చదివించుకున్నాను. ఏడవలేదు. ఆ ఒడిశా కుర్రాడు పుటను బల్ల మీద వదిలేసి వెళ్లినప్పుడే నా ఏడుపు అయిపోయింది. ఇప్పుడు నాకొకటే కావాలనిపించింది. నాకు కంప్యూటరు రాదన్న మాట ఏ చేతితో రాశాడో అదే చేతితో, అదే చోట, అతను నిజం రాయాలి. లేదంటే ఆ ప్రింటు కిటికీ అతని చేతిలో ఉండకూడదు.

నా దగ్గర ఏముంది? చదువు లేదు, లోపలి కుట్లు చదవడం రాదు. ఉన్నదల్లా చేసింది వరుసగా గుర్తుండటం, రోజంతా ప్రింటు నొక్కే పని. సరిపోతుందనుకున్నాను.

ఆ డెస్క్‌టాప్‌వాళ్లకు ఒక పద్ధతి ఉంది. సరిగ్గా రాసిన రిపోర్టుకు మెయింటెయినరు జవాబు చెప్పాలి. చెప్పకుండా పోగుపడితే పెద్దలు అడుగుతారు. నేను రోజుకొకటి రాయడం మొదలుపెట్టాను. రెండు వైపులా ప్రింటు అడిగితే రెండో వైపు తలకిందులు రావడం. కాపీల అంకె చెరిపి మళ్లీ వేస్తే పాత అంకే పట్టుకోవడం. కాగితం అడ్డంగా పెడితే అంచు కోసేయడం. ఒక్కోదాన్నీ మూడుసార్లు చేసి చూసి, మూడుసార్లూ అయితేనే రాశాను. ప్రతి రిపోర్టు మొదటి వరుస ఒకటే: “ఇది రాస్తున్నది ఊదుబత్తి ఆమె. ఇంతకు ముందు రాసింది ఇక్కడ ఉంది.” ఆ ‘ఇక్కడ’ మీద నొక్కితే నా మూసిన రిపోర్టు, దాని కింద ఆయన మాట తెరుచుకుంటాయి. అక్కడ తేదీ ఉంది. ఆయన కనుగొన్నాను అని రాసుకున్న దాని తేదీ కూడా ఉంది. ఏది ముందో ఎవరైనా చూసుకోవచ్చు.

కెమిస్టు పిల్ల ఇంగ్లీషులోకి మారుస్తూ నవ్వేది. “అక్కా, నీ కడుపుల ఇంత విషమున్నదని నాకు తెల్వదు.”

“నీ ల్యాబుల కొలిచి చూడరాదు?”

మా ఆయన మాత్రం దగ్గుకుంటూ అడిగాడు, “ఏమే, ఆ మనిషిని ఇగ ఇడిచిపెట్టరాదు?”

“నువ్వు ఫ్యాక్టరీని ఇడిచిపెట్టినవ్. దగ్గు నిన్ను ఇడిచిపెట్టిందా?”

ఆయన లేచి ప్రింటరులో కాగితాలు నింపాడు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అవన్నీ పెద్ద తప్పులు కావు. ఒక బటను వెంట్రుకవాసి కిందికి ఉందని కూడా రాశాను. అది ఎవరికీ అడ్డం కాదు. ఆయనకు ఒక పూట పని కావాలని రాశాను. ఇరవై దాటాక దూరదేశాల పెద్దలు నొక్కి చూడటం మొదలైంది. ఒకామె అడిగిందట: ఈ మొదటి రిపోర్టును ఎందుకు మూశారు, తాళం ఎందుకు, మీ రిపోర్టుకు దీనికి తేడా ఏమిటి? సారు “చిన్న అపార్థం” అని రాశాడు. నేను ఆ పూట ఇంట్లో పాయసం చేశాను.

ముప్పై దాటాక ఒక మధ్యాహ్నం సారు దుకాణానికి వచ్చాడు, చేతిలో మిఠాయి డబ్బా. గిరాకీ కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. ఫొటోకాపీ కోసం వచ్చిన ఇద్దరిని పంపించి అతనివైపు తిరిగాను.

“ఏందిది సారూ? నాకు షుగరున్నది.”

“అయ్యో, ఇంట్లోవాళ్లకండీ. అమ్మా, ఇంక చాలించండి. ఆఫీసు నుంచి వచ్చాక నాకు మీ రిపోర్టులు చూడటమే సరిపోతోంది.”

“తప్పుగ రాసిన్నా?”

“తప్పని కాదండీ...”

“చేసి సూసినవా?”

తల దించుకున్నాడు. “చూశానండీ. అన్నీ నిజమే.”

“మొదటిది గూడ చేసి సూస్తె అయిపోవు గద.”

“ఆ కామెంటు తీసేస్తాను. ఎవరికీ కనబడకుండా చేసేస్తాను. సరేనా?”

“తీసుడెందుకు? దాని కిందనే రాయి. నేను చేసి సూడలే, ఆమె చెప్పిందే నిజం, ఆమెది నాదని రాసుకున్న అని.”

“అలా రాస్తే నా పరువేం కావాలండీ? నేను కనుగొన్నానని మా ఆఫీసులో అందరికీ ఆ రిపోర్టు చూపించాను.”

“నన్ను గోడ మీద ఏసి సూపిస్తివి గద సారూ. నాకు లేదా పరువు?”

ఆయన లేచాడు. “చదువుకోనివాళ్లతో ఇదేనండీ వచ్చేది” అన్నాడు, మెల్లగానే, తనలో తను అనుకున్నట్టు. నా చెవులు బాగానే పనిచేస్తాయి. డబ్బా చేతికిచ్చి పంపాను.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది. దాచుకుంటే కథ నాకు అనుకూలంగా ఉంటుంది గాని, మీరు దగ్గరికి జరిగి కూర్చున్నారు కాబట్టి చెప్పాలి. అతను వెళ్లిన రోజే నాకు ఒక పెద్ద తప్పు దొరికింది. ప్రింటు మధ్యలో ఆపేసి వెంటనే ఇంకొకరి ఫైలు నొక్కితే, ముందు మనిషి కాగితం వెనకమనిషి కాగితంతో కలిసి వస్తోంది. ఇది ఊరుకోదగ్గది కాదు. వెంటనే రాయాలి. నేను రాయలేదు. కొత్త వెర్షన్ విడుదలకు రోజు ఖాయమైంది, ఆ రోజుకు ముందు రాస్తే అతను బాగుచేసి మళ్లీ మెచ్చుకోలు పట్టికలో ఎక్కుతాడు. తెల్లారితే విడుదల అనగా రాస్తే అది అందరి ముందు ఆగుతుంది. పదకొండు రోజులు కడుపులో పెట్టుకున్నాను. కెమిస్టు పిల్లకు కూడా చెప్పలేదు.

ఆ పదకొండు రోజుల్లో బొంతపల్లిలో మాకు తెలిసినామె దుకాణంలో, నేనే దగ్గరుండి ఎక్కించిన డెస్క్‌టాప్‌లో, ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె వైద్య పరీక్ష కాగితం ఆమె సూపర్‌వైజరు కాగితాల్లో కలిసి వెళ్లింది. ఆమె దాచుకున్న జబ్బు ఫ్యాక్టరీలో తెలిసిపోయింది. నాకు ఈ సంగతి తర్వాత తెలిసింది. ఆ దుకాణపామెకు నేను ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. సారు మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో గాని, నా మీద నాకున్న ఈ కోపం చల్లారదు. బొంతపల్లి వెళ్లి, ఆ కాగితం ఎవరిదో ఆమెను కలిసి నాకు ముందే తెలుసని చెప్పాను. ఆమె తలుపు వేసుకుంది. వేసుకోవాల్సిందే.

విడుదలకు ముందు రోజు రాశాను. ఆరే మెట్లు. పెద్దలు చేసి చూసి విడుదల ఆపేశారు. ప్రింటు కిటికీ ఒక్కదాని కోసం మొత్తం డెస్క్‌టాప్ ఆగిపోయింది. ఏ దేశంలోనివాళ్లో, నాకు మొహాలు కూడా తెలియనివాళ్లు, ఆయనను అడిగారు: మీకు తీరిక లేకపోతే ఇంకొకరికి అప్పగించవచ్చు కదా అని. మర్యాదగానే అడిగారట. నాలుగో రోజు ఒక్క వరుస రాశాడు, ఇంటి పనుల వల్ల తప్పుకుంటున్నానని. నా గురించి ఒక్క అక్షరం లేదు. నిజం రాయించలేకపోయాను. సగమే గెలిచాను.

ఆ తప్పును విప్పి, ఎక్కడ లెక్క తప్పుతోందో చూపించి బాగుచేసింది కెమిస్టు పిల్ల. నా రిపోర్టులు మారుస్తూ మారుస్తూ లోపలి కుట్లు చదవడం నేర్చుకుంది. దాంతో ప్రింటు కిటికీ ఆ పిల్ల చేతికి వచ్చింది. మొదటి పనిగా నా రిపోర్టు తాళం తీసింది. ఈ తప్పును ముందు కనిపెట్టింది ఈమె అని కింద రాసింది. తర్వాత నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని అడిగింది.

“అక్కా, ఆయన రాసిన మాట తీసేద్దామా? ఇప్పుడు నా చేతులున్నది. ఒక్క నొక్కు.”

తెర మీద ఉంది. ఈవిడకు కంప్యూటరు వాడటం రాదు. ఆయన పేరు, తేదీ.

“ముట్టుకోకు” అన్నాను.

“సూసినప్పుడల్ల నీకు మంటపుట్టదా?”

“నాకు మండితె మండనీ బిడ్డా. ఆయన పిల్లలు ఆయన పేరు కొట్టి వెతికితే దొరకాలె. వాళ్ల ఆఫీసుల సూపించిన అనె గద, ఇది గూడ సూపెట్టాలె. ఈ డెస్క్‌టాప్ ఉన్నన్ని దినాలు ఉండనీ.”

ఆ పిల్ల కిటికీ మూసేసింది. ఆ మాట ఇప్పటికీ అక్కడే ఉంది, నేను తీయనివ్వలేదు, తీయనివ్వను.

విన్నారు కదా. ఇక లేవండి, మీ ఇంట్లో ఎదురుచూస్తుంటారు. మీ పొయ్యి మీద గిన్నె అడుగంటకుండా ఉండాలి. మీ ఇంట్లో చిన్నాపెద్దా ఎవరు నోరు తెరిచినా చివరిదాకా వినే మనిషి ఒకరుండాలి. మీ మాటను మూసి తాళం వేసేవాడికి మీ గడప ఎప్పుడూ దొరకకూడదు.